బాలమణి మార్చని కాసు

పదిహేనేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడుపడదు, బయటికి రాదు. నా భార్యకు చెప్పలేదు. ఒకసారి గుడిలో చెప్పుకుందామని వెళ్లి, కొబ్బరికాయ కొట్టి తిరిగొచ్చాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఇది ధైర్యం కాదు.

కామారెడ్డిలో నాది చిన్న నగల దుకాణం. ఒకరోజు పొద్దున్నే ఎల్లారెడ్డి దగ్గరి ఊరి నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల తల్లి, చిన్న కోడలు బాలమణి. బీడీలు చుట్టే మనిషి. ఆమె వేళ్ల నుంచి తంబాకు వాసన వస్తోంది. అన్నదమ్ములు వేరుపడుతున్నారు. ఇంట్లో ఒక పాత బంగారు కాసు ఉంది. రాణి బొమ్మది, పైన బెజ్జం వేసి ఎర్రదారం కట్టినది, తాతలనాటిది. అది అసలుదో కాదో చూడమన్నారు.

పెద్ద కోడలిని కాదని అత్త ఆ కాసును బాలమణి చేతికే ఇచ్చి దాచమంది. ఏటా దీపావళికి బాలమణి దాన్ని చింతపండుతో తోమి, పసుపు కుంకుమ పెట్టి, లక్ష్మీదేవి ముందు ఉంచేది. భక్తి ఎక్కువ, తోముడూ ఎక్కువే. అంచున పసుపు రంగు పోయి తెల్లగా కనబడింది. పెద్ద కొడుకు అనుమానం అక్కడే మొదలైంది. అసలు కాసు అమ్ముకుని నకిలీది పెట్టిందని.

గీటురాయి మీద రుద్దాను. తెల్లగీత పడింది. ఒక చుక్క తేజాబు వేశాను. వెండైతే ఆ ఆమ్లానికి కరిగి మాయమవ్వాలి. గీత అలాగే ఉంది. అరచేతిలో పెట్టుకుంటే దాదాపు బంగారం బరువే. ఇలాంటి కాసు ఒకటి మా తాత నా చిన్నప్పుడు చూపించాడు.

ప్లాటినం. ఒకప్పుడు దాన్ని ఎవరూ లెక్కచేయలేదట. బంగారంలో కల్తీకి పనికొస్తుందని భయపడి నదిలో పారబోయించిన ప్రభువులు కూడా ఉన్నారట. రష్యా చక్రవర్తి కొన్నేళ్లు దానితో నాణేలు కొట్టించి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. అప్పట్లో అది బంగారం కంటే ఎంతో చవక, బరువు చూస్తే బంగారంలాంటిదే. దొంగలకు అంతకన్నా ఏం కావాలి? ప్లాటినంతో రాణి బొమ్మ కాసులు కొట్టి, బంగారు పూత పూసి, సంతల మీదికి వదిలారు. అలాంటిదొకటి సముద్రాలు దాటి వీళ్ల తాత చేతిలో పడింది.

అంటే ఆ కాసు ఇంట్లోకి వచ్చిన రోజునే దొంగది. ఎవరూ మార్చలేదు. ఈ సంగతి నాకు నిమిషంలో అర్థమైంది. మరో నిమిషంలో ఇంకోటి కూడా అర్థమైంది. వీళ్లు నా దుకాణానికి వచ్చే నాటికి ప్లాటినం ధర బంగారాన్ని మించిపోయి ఉంది. పైగా ఇలాంటి పాత దొంగకాసంటే పట్నంలో పాత నాణేలు పోగేసేవాళ్లు పడి చస్తారు.

బంగారం కాదు, తెల్ల లోహం మీద పూత అని చెప్పాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు చూడండి. అబద్ధం చెప్పినా ఇంత రోత పుట్టేది కాదేమో. నిజాన్ని సగానికి కోసి, నాకు పనికొచ్చే సగం దాచుకున్నాను. అత్త నెత్తి కొట్టుకుంది. భర్త తల తిప్పుకున్నాడు. బాలమణి మాత్రం ఏడవకుండా నా వైపు తిరిగింది.

"అన్నా, పనోనివి, నీకెరుకుంటది. గది ఎన్కట్నుంచే గిట్లున్నదా, నేను మార్చిన్నా? ఒక్క మాట చెప్పు. నా సంసారం నిలవడతది."

"నాకేమెరుక చెల్లె. రాయి చెప్పిందే నేను చెప్పిన."

"రాయికి నోరుంటదా అన్నా? నీకుంది గదనే."

చెల్లె అన్నాను. థూ! ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా నాలుక మీద నాకే అసహ్యం. మా బంగారప్పనివాళ్ల మీద ఒక సామెత ఉంది, తల్లి ముక్కుపుడకలోనైనా కొంత మిగుల్చుకుంటారని. ఎవరైనా అంటే కొట్టేంత కోపం వచ్చేది నాకు. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని కోప్పడను?

పెద్ద కొడుకు కాసును బల్ల మీదికి విసిరేశాడు. తుక్కు కింద తీసుకున్నాను. ఆ వారంలోనే బాలమణిని మాచారెడ్డి దగ్గర తల్లిగారింటికి పంపేశారు. మళ్లీ తీసుకురాలేదు. కాసు హైదరాబాద్‌లో అమ్మి, దుకాణానికి అద్దాల అల్మారా చేయించాను. కాసు అమ్మిన రోజు మటన్ తెచ్చుకుని కడుపునిండా తిన్నాను. అరిగింది కూడా. అదే నాకు అన్నిటికన్నా రోత.

భార్యాభర్తల గొడవ, నడుమ నేనెవరిని అనుకున్నాను. నమ్మని మొగుడిది తప్పు గానీ నాదా అనుకున్నాను. ఇలాంటివి ఎన్ని అనుకున్నానో! అప్పట్లో ఆ ఊరికి బస్సులో వెళ్లి, ఒక్క మాట చెప్పి, మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. ఎందుకు పోలేదు? కాసు తిరిగి ఇవ్వమంటారని భయం. అమ్మేశాక, జనం తంతారని భయం. అంతే, వేరే పెద్ద కారణాలేం లేవు.

కొన్నేళ్లకు బస్టాండులో కనబడింది. జుట్టు నెరిసింది, సంకలో బీడీల బుట్ట. తప్పించుకుందామనుకునేలోపే చూసింది. దగ్గరికొచ్చి, పిల్లలు బాగున్నారా అని అడిగింది. నన్ను ఒక్క రోజూ అనుమానించలేదని ఆ ముఖం చూస్తేనే తెలిసింది. నా బస్సు కాకపోయినా ఎదురుగా ఉన్న బస్సెక్కి పారిపోయాను.

ఇప్పుడు కూడా చూడండి, నా పేరు రాయలేదు. ఆమె పేరు మాత్రం కావాలనే రాశాను. ఎల్లారెడ్డిలోనో మాచారెడ్డిలోనో ఆ కుటుంబం ఎరిగినవాళ్లు చదివితే తెలియాలని. దానివల్ల ఆమెకు పోయిన కాపురం రాదు. నన్ను క్షమించమని ఎవరినీ అడగను, అడిగే హక్కు లేదు.

బాలమణి కాసు మార్చలేదు.

రాసేశాను. పదిహేనేళ్ల తర్వాత ఛాతీలో కొంచెం గాలి ఆడుతోంది. ఆ గాలి కూడా ఆమెకు దక్కాల్సింది.