ముందే వేసిన హాజరు

మా హెడ్మాస్టరుగారు పోయారన్న కబురు మొన్న సోమవారం మూడో పీరియడులో వచ్చింది. బడికి సెలవిచ్చాము. పిల్లలు కేకలేసుకుంటూ ఇళ్ళకు పరుగెత్తారు. నాకు కన్నీళ్ళకంటే ముందు కోపం వచ్చింది. పోయినవాళ్ళ మీద కోపమేమిటని మీరనవచ్చు. ఆయన నన్ను నమ్మించి నట్టేట ముంచిన మనిషి. పాఠం చెప్పడమెలాగో నేర్పిందీ ఆయనే.

నగరిలో నేతగాళ్ళ వీధి పక్కన మా బడి. నేను చేరిన ఏడాదే రెండో ప్రపంచయుద్ధం మొదలైంది. నాకు జ్వరమొస్తే నా క్లాసు ఆయనే తీసుకునేవారు. తప్పు చేసిన అయివారిని పిల్లల ముందు పల్లెత్తు మాట అనేవారు కాదు. వరండా చివరికి పిలిచి, ముక్కుపొడుం పీల్చి, మెల్లగా చెప్పేవారు.

"అయివారు అలిసిపోతే బడి ముసిల్దయిపోతాదప్పా" అనేవారు. ఆయనలా అంటారనే సాయంత్రం గంట కొట్టాక కూడా ఉండి, వెనకబడిన పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి. అలుపే తెలిసేది కాదు.

నేతగాళ్ళ పిల్లలు పొద్దున ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టి ఇచ్చి, రెండో పీరియడుకు గానీ వచ్చేవారు కాదు. రిజిస్టరేమో మొదటి పీరియడులోనే మూసేయాలి. ఆబ్సెంట్లు ఎక్కువైతే పేరు కొట్టేయాలని రూలు. ఏం చేయమంటారని ఆయన్నే అడిగాను.

"ముందే హాజరు ఏసెయ్యప్పా. యాడికి పోతారు, వొస్తారు. ఎవురన్నా అడిగితే నేనుండాను గదా" అన్నారు.

రెండేళ్ళు అలాగే వేశాను. ఒకనాడు ఇన్‌స్పెక్టరుగారు చెప్పాపెట్టకుండా పొద్దుటి రైలుకు దిగారు. రిజిస్టరు తీసి తలలు లెక్కపెడితే తొమ్మిది మంది తక్కువ. నేను హెడ్మాస్టరుగారి వైపు చూశాను. ఆయన రిజిస్టరు వైపు చూస్తూ, "ఈయన ఇట్లా చేస్తాండాడని నాకు తెలీదు సార్" అన్నారు.

నా పేరు మీద రిమార్కు పడింది. అది పోనీ. ఆ తర్వాత ఆరేళ్ళు పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాము. ఒక్కసారైనా "తప్పయిందప్పా" అంటారేమోనని చూశాను. అనలేదు. నేను గంటతో వచ్చి గంటతో పోవడం మొదలుపెట్టాను. పాఠం చెప్తుంటే నాకే ఆవలింతలు వచ్చేవి. ఆలస్యమైన పిల్లలకు ఆబ్సెంటు వేశాను. ఆ తొమ్మిది పేర్లూ ఒక్కొక్కటిగా నా చేత్తోనే కొట్టేశాను. ఆయన చూసి ఊరుకున్నారు.

సంతాప సభలో నన్ను మాట్లాడమన్నారు. మంచి హెడ్మాస్టరు అన్నాను. అబద్ధం కాదు. వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

సభ అయ్యేసరికి బడి గేటు దగ్గర ఒకమ్మాయి నూలు మూట దించుకుని నిలబడి ఉంది. ఆ తొమ్మిది మందిలో లెక్కలు బాగా వచ్చినది. "లోపలికి రామ్మా" అన్నాను.

"అప్పుడు ఒక్కమాటు ఇంటికొచ్చి పిలిచుంటే వొచ్చేదాన్నే అయివారూ" అంది.

మూట ఎత్తుకోబోయింది. ఒక్కదానివల్ల కాలేదు. నా వైపు చూసింది. నేనే పైకెత్తి ఆమె తలమీద పెట్టాను.