పంపినవారి పేరు

తొంభైల చివర్లో తెనాలిలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. నెట్‌వర్క్ క్లాసు తీసుకునే సార్ రేపల్లె నుంచి ప్యాసింజర్‌లో వచ్చేవారు. లూథరన్ మిషన్ బడిలో పనిచేసిన పంతులుగారి కొడుకు. రేపల్లెలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతూ, పుస్తకాలు తెప్పించుకుని ఈ విద్య సొంతంగా నేర్చుకున్నారు. ఆయనకు జరిగినదాన్ని ఇప్పుడు రాస్తున్నాను. చేసింది నేనే.

ఆయనది ఒకటే మాట. ఇంటర్నెట్‌ను మొదట కట్టినవాళ్లు ఒకరికొకరు తెలిసిన కొద్దిమంది. అందుకే వచ్చినవాణ్ణి ‘నువ్వెవరు’ అని అడిగే ఏర్పాటు అందులో పెట్టుకోలేదు. ఇప్పుడు ముక్కూమొహం తెలియని లోకమంతా అందులోకి వస్తోంది. ఎన్ని తాళాలు బిగించినా లాభం లేదు, పునాది నుంచి మళ్లీ కట్టాలి అనేవారు. దాని మీద పద్నాలుగు పేజీల వ్యాసం రాసి ఎక్కడెక్కడికో పంపారు. ఎవరూ జవాబివ్వలేదు.

ఒకరోజు క్లాసులో, పంపినవారి చోట మా ఓనరు పేరు, చిరునామా కొట్టి, ఇన్‌స్టిట్యూట్‌కు రేపు సెలవని ఓనరుకే మెయిల్ పంపి చూపించారు. పోస్టు కార్డు మీద ఎవరి పేరైనా రాయొచ్చు, ఇదీ అంతే అన్నారు. కూతుర్ని చేర్పించడానికి వచ్చిన ఒకాయన గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. ఇన్ని లొసుగులున్నదాన్ని నేర్చుకోవడం దేనికండి అని అమ్మాయిని తీసుకుని వెళ్లిపోయాడు. ఓనరు మొహం మాడిపోయింది.

నాకూ ఆయన మీద కోపం ఉంది. ఆ వారమే నేనొక విషయం తప్పు చెబుతుంటే విని, క్లాసు ముందరే మెల్లగా అన్నారు.

“తెలియనప్పుడు తెలియదని చెప్పండమ్మా. పిల్లలు మీ మాటే రాసుకుంటారు.”

ఆయన చూపించిన విద్యే ఆయనకు చూపిద్దామని ఓనరు అన్నాడు. నేను రాశాను. బెంగళూరులో ఒక పెద్ద పరిశోధన సంస్థ నుంచి వచ్చినట్టు. మీ వ్యాసం చదివాం, మా సదస్సుకు వచ్చి వినిపించండి అని. పంపినవారి చోట ఆ సంస్థ చిరునామా పెట్టి, జవాబులు మాత్రం నేను కొత్తగా తెరిచిన ఖాతాకు వచ్చేలా చేశాను.

శనివారం వచ్చి ఆయన మెయిల్ తెరిచారు. రెండుసార్లు చదివారు. తర్వాత ప్రింటు తీసివ్వమని నన్నే అడిగారు. కాగితం అందుకుని, నలగకుండా పుస్తకం మధ్యలో పెట్టుకున్నారు. అది చూసి నాకు సంతోషమేసింది.

ఆయన జవాబు ఎంతో మర్యాదగా ఉంది. తన భార్య గుంటూరు దాటి ఎరగదని, తీసుకురావచ్చునా అని చివర్లో అడిగారు. ఓనరుకు చదివి వినిపించాను. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. తప్పకుండా తీసుకురండి అని రాశాను. ఆ ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఆయన పేరెత్తి ప్రార్థన చేశారట. సార్ కొత్త ప్యాంటూ షర్టూ కుట్టించుకున్నారు.

టికెట్లు తీసేలోపు చెప్పేద్దాం అనుకున్నాం. తీశాక, బయలుదేరేలోపు అనుకున్నాం. వాళ్లు బయలుదేరే రోజు తెనాలి స్టేషన్‌కు వెళ్లాను. మద్రాసు వెళ్లి అక్కడ మారాలి. బండి నలభై నిమిషాలు ఆలస్యం. ఆ నలభై నిమిషాలూ వాళ్ల పక్కనే బెంచీ మీద కూర్చున్నాను. ఆవిడ బత్తాయి వలిచి తొనలు నా చేతిలో పెట్టింది. సదస్సు వాళ్లకని డబ్బాడు సున్నుండలు చేసి తెచ్చింది. నేను తొనలు తిని, బండి వచ్చాక పెట్టె ఎక్కించి, చెయ్యి ఊపాను.

తర్వాతి సోమవారం సార్ ఎప్పటిలాగే క్లాసుకు వచ్చారు. ఆ మెయిల్‌నే తెరిచి, అది ఏయే మెషీన్ల మీదుగా వచ్చిందో తెలిపే వరసలు తెర మీద పెట్టారు. కింది నుంచి పైకి చదవమన్నారు. అన్నిటికంటే కింద, అంటే అది బయలుదేరిన చోట, మా ఇన్‌స్టిట్యూట్ కంప్యూటర్ పేరుంది.

“ఇది చదవడం మీకు నేర్పింది నేనే,” అన్నారు. “నాకొచ్చినప్పుడు చదవలేదు. చదవబుద్ధి కాలేదు.”

నా వైపు చూడలేదు. బోర్డు తుడిచి, గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

ఓనరు ఆయన క్లాసు నాకిచ్చాడు. ఆయన నోట్సు లేకుండా నాకు చెప్పడం రాదు. తెమ్మని ఓనరు నన్ను రేపల్లె పంపాడు. సిగ్గు లేకుండా వెళ్లాను. ఆవిడ కాఫీ ఇచ్చి, బెంగళూరు సంగతి చెప్పింది. అలాంటి సదస్సేదీ లేదని గేటు దగ్గరే చెప్పారట. ఈయన ప్రింటు చూపించి, కనీసం వ్యాసమైనా తీసుకోమని బతిమాలారట. గేటు మనిషి తీసుకుని, పేజీలు తిరగేసి, వెనక్కి ఇచ్చేశాడట. మధ్యాహ్నం దాకా రోడ్డు పక్కన నిలబడి, సున్నుండలు తిని మంచినీళ్లు తాగారట.

“ఎవరు రాశారో మీకేమన్నా తెలుసామ్మా?”

“తెలీదండి.”

“ఆయన్నీ అడిగా. తెలీదన్నారు.”

పక్క గదిలో దగ్గు వినిపించింది. ఆయన ఇంట్లోనే ఉన్నారు. నా మాట విన్నారు. బయటికి రాలేదు. నోట్సుల కట్ట అప్పటికే తాడుతో కట్టి బల్ల మీద పెట్టించారు.

తిరుగు ప్యాసింజర్‌లో ఆ కట్ట విప్పితే వ్యాసం కాపీ కూడా ఉంది. అంతవరకూ నేను దాన్ని చదవలేదు. మాట్లాడే ముందు ప్రతి మెషీనూ తానెవరో రుజువు చేసుకోవాలని, పంపినవారి పేరు ఎవరూ మార్చలేని విధంగా సందేశంలోనే ఉండాలని, పాతదానికి మాట్లు వేస్తూ పోతే మాట్లే మిగులుతాయని రాశారు. అన్నీ మార్చడం ఎవరి తరం అనేవాళ్లకు ఒక పేజీ జవాబుంది: ఇప్పుడైతే మార్చాల్సింది కొన్ని వేల ఊళ్లు, ఆలస్యం చేస్తే ప్రతి ఇల్లూ. వేమూరు వచ్చేసరికి ముగించాను. ఒక్క మాటా తప్పనిపించలేదు.

ఆ ఏడాదే బాపట్లలో బ్రాంచి తెరిచి ఓనరు నన్ను ఇన్‌ఛార్జిని చేశాడు. రెండేళ్లు ఆయన నోట్సుతోనే చెప్పాను. సార్ మళ్లీ లెక్కలే చెప్పుకున్నారని, ఇంట్లో కంప్యూటర్ మాటెత్తనివ్వలేదని తర్వాత విన్నాను. ఆయన పోయినప్పుడు కబురు ఆలస్యంగా తెలిసింది. తెలిసినా వెళ్లేదాన్ని కాదేమో.