సీదా గీసిన కళ్లు

డెబ్బైల మొదట్లో పురానాపూల్ వంతెన దగ్గర ఒక రేకుల షెడ్డులో సినిమా బ్యానర్లు వేసేవాళ్లం. నాది అక్షరాల పని. మొహాలు ఉస్తాద్ వేసేవాడు. షెడ్డు ఆయనదే, నాకు పని నేర్పింది కూడా ఆయనే. మా దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. బొమ్మ అంతా అయ్యాక కళ్లు చివరికి మిగిల్చేవాళ్లం. వాటిని ఉస్తాద్ ఒక్కడే వేయాలి, వేశాక ఎంత వంకరున్నా ఎవరూ సవరించకూడదు, ఆయన కూడా. పదేళ్లు అక్షరాలు దిద్దిన నాకు ఆ కళ్ల మీదే ఆశ. పైకి అనలేదు గానీ, ఆయన ఎప్పుడు తప్పుకుంటాడా అని చూసేవాణ్ణి.

ఒకసారి నయాపూల్ అవతల ఒక హాలుకు ఇటలీ సినిమా వచ్చింది. ఇంగ్లీషు మాటలు అతికించిన బొమ్మ, వారం రోజులు మార్నింగ్ షో మాత్రమే. దాని పేరు అక్షరం అక్షరం చూసి నేనే రాశాను, అయినా ఇప్పుడు గుర్తు లేదు. హాలు మేనేజరు మూడు ఫొటోలిచ్చి, ఇందులో ఒక చిత్రకారుడికి పిచ్చెక్కుతుందట, చూస్తే భయం పుట్టాలి అని చెప్పి పోయాడు. సినిమా చూడకుండా బొమ్మ వేయడం మా వృత్తిలో మామూలే. ఉస్తాద్ ఫొటో మీద గళ్లు గీసి, గుడ్డ మీద సుద్దతో అవే గళ్లు పెద్దవి చేసి, రెండు రోజుల్లో మొహం లేపాడు. మన హీరోలకు పూసే గులాబీ రంగే ఆ దొరకూ పూశాడు.

మూడో రోజు మధ్యాహ్నం కళ్లు వేయడానికి నిచ్చెనెక్కాడు. కింద పట్టుకున్నది నేనే. బ్రష్షు గుడ్డకు తగిలే ముందు ఆయన చెయ్యి వణకడం చూశాను. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని వేశాడు. రెప్పల గీత రెండుగా చీలింది, నల్లగుడ్డు ఒక పక్కకు జారింది. దిగి, దూరం నుంచి ఒకసారి చూసి, బయటికెళ్లి బీడీ ముట్టించాడు. కట్టుబాటు ప్రకారం బ్యానరు అలాగే వెళ్లింది. ఇక ఈయన పని అయిపోయిందని లోలోపల అనుకున్నాను.

జరిగింది వేరు. బ్యానరు ముందు సైకిళ్లు ఆగిపోయాయి. ఎప్పుడూ ఈగలు తోలుకునే మార్నింగ్ షో ఆ కళ్ల పుణ్యమా అని నిండింది. మేనేజరు సంబరపడి మాకు పాసులిచ్చాడు. సినిమాలో ఆ చిత్రకారుడు, తన బొమ్మలు తననే చూస్తున్నాయని హడలిపోయి ఒక్కొక్కటీ కత్తితో చించేస్తాడు. చుట్టూ జనం కుర్చీల్లో ముడుచుకుపోయారు. ఉస్తాద్ మాత్రం వీనికి బ్రష్షు పట్టుడే రాదని గొణుగుతూ కూర్చున్నాడు. నాకు నవ్వు ఆగలేదు.

బయటికొచ్చాక మేనేజరు టీ తెప్పించాడు.

"ఉస్తాద్, కమాల్ చేసినవ్. ఆ కళ్లల్ల గంత భయం ఎట్ల తెచ్చినవ్?"

ఉస్తాద్ నవ్వి టీ గ్లాసు అందుకున్నాడు. వచ్చే నెల పెద్ద సినిమా బ్యానరు కూడా మాకే అన్నాడు మేనేజరు. అందులో హీరోయిన్ నవ్వుతూ ఉండాలట.

షెడ్డుకు నడిచి వస్తుంటే వంతెన మీద ఉస్తాద్ ఆగాడు.

"తమ్మీ, నేను భయం గియ్యలే. రోజు గీసినట్టే సీదా గీసిన," అన్నాడు. కుడి చెయ్యి వంతెన గోడ మీద ఆనించి మళ్లీ అన్నాడు. "నవ్వే కళ్లు ఇగ నాతోని కావు. గవి నువ్వెయ్యి."

పదేళ్లుగా నేను ఎదురుచూసిన మాట అది. గట్లనకు ఉస్తాద్, దవాఖానకు పోయి చెయ్యి చూపించుకుందాం అనాల్సింది. నేను సరే అన్నాను. ఆయన మాట పూర్తిగా నోట్లోంచి రాకముందే అన్నాను. నా తొందర చూసి ఆయన తల తిప్పుకున్నాడు. అందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.