రెండడుగుల అరుగు

నిరుడు ఎండాకాలం గద్వాల బజారులో ఒక నడివయసు మహిళ మడత విప్పిన చీర పట్టుకుని దుకాణంలోంచి గబగబా బయటికొచ్చింది. వెనకే దుకాణదారు నరసింహులు పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, యాడికి?"

"యాడికి పోతలేనయ్యా. చీర ఎత్తుకపోయేదాని లెక్క కనవడ్తున్ననా? ఎండల జూస్తున్న. నీ లైట్ల కింద ఏ రంగు ఏందో తెలుస్తలేదు."

అంతలో కొంగు జారి, ఆగివున్న మోటారుసైకిల్ చైనుకు తగిలింది. జరీ అంచు మీద నల్లటి గీత పడింది. ఆమె చీర ఇచ్చేసి తలదించుకుని వెళ్లిపోయింది. నరసింహులు నన్ను చూసి, "సార్, గిది గూడ రాయుండ్రి" అన్నాడు.

నేను ఇక్కడ చాలా ఏళ్లుగా విలేకరిని. అంతకుముందు ఆ బజారులో దుకాణాల అరుగులు ఒక్కోటి ఒక్కో కొలతలో రోడ్డు మీదికి వచ్చి ఉండేవి. జనం ట్రాక్టర్ల పక్కన నడిచేవారు. దాని మీద ఫొటోతో వార్త రాశాను. కొన్నాళ్లకు మున్సిపాలిటీ నుంచి వీధికి డిజైన్ మార్గదర్శకాలు వచ్చాయి. దుకాణాల ఎలివేషన్, అంటే వీధికి కనిపించే ముఖం, ఒకే వరసలో ఉండాలి. ముందు గాజు, పైన ఒకే ఎత్తు బోర్డు, కింద అడ్డంకి లేని ఫుట్‌పాత్. నరసింహులు వైపు అరుగులన్నీ తీసేశారు. అతను అభ్యంతరం చెప్పబోతే అధికారి నా వార్తనే తీసి చూపించారట.

వీధి అందంగా మారింది. అందులో నాకు అనుమానం లేదు. అయితే గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచు పట్టు; రెంటికీ విడివిడిగా రంగు వేస్తారు. రెండూ కుదిరాయా లేదా అన్నది పగటి వెలుతురులోనే తెలుస్తుంది. నరసింహులు తాత కాలం నుంచీ చీరను అరుగు మీద పరిచి చూపించాకే అమ్మేవారు. ఇప్పుడు గాజులోంచి పడే ఎండకు చీరలు వెలిసిపోతాయని నల్ల ఫిల్మ్ అంటించాడు. లోపల పగలూ లైట్లే. బేరాలు సగంలోనే ఆగిపోతున్నాయి. ఆ అరుగును నేను టేపుతో కొలిచాను గాని, దాని మీద ఏం చేస్తారని అడగలేదు.

ఫాలోఅప్ రాస్తానని నరసింహులుతో అన్నాను. ముందు రాసినదాని వల్ల తర్వాత ఏమైందో చెప్పే వార్తను మేం అలా అంటాం. అప్పుడే మూడు చక్రాల బండి మీద దావీదు వచ్చాడు. అతనికి కాళ్లు పనిచేయవు. అదే వీధి చివర సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు.

"అరుగులు మల్ల కట్టాల్నని రాస్తరా సార్? మొన్నటిదాంక ట్రాక్టర్ హారన్ కొడ్తే పానం పోయేది. గిప్పుడు ఎవ్వరు నెట్టకుండనే దుకాణం దాంక పోతున్న."

నరసింహులు అందుకున్నాడు. "నీ బండిని ఎవరాపుతున్నరురా? నేనడిగేది రెండడుగులు, గంతే."

"గా రెండడుగులల్లనే గదన్నా నా బండి పోయేది!"

ఇద్దరూ నవ్వారు. చీరలు చూపించేందుకు ఎక్కడైనా చోటిస్తారా అని అధికారిని అడిగాను. "గాజు పెట్టించినం గద సార్, వెలుతురు రాదా?" అన్నారు. ఫాలోఅప్ రెండుసార్లు మొదలుపెట్టాను. మొదటిది చదివితే నరసింహులుది న్యాయమనిపించింది, రెండోది చదివితే దావీదుది. ఏదీ పంపలేదు. ఒక కొలత సరిచేయమని రాసేముందు అది ఎవరికి ఎందుకు పనికొస్తోందో అడగాలని మాత్రం తెలిసింది. అడిగాక ఏం రాయాలో ఇంకా తెలియలేదు.

ఇప్పుడు కొనేవాళ్లు చీర పట్టుకుని రోడ్డు దాటి, ఎదుటి స్టీలు సామాన్ల దుకాణం అరుగు మీద పరిచి చూస్తున్నారు. ఆ అరుగు మీదా కూల్చివేతకు ఎర్ర గీత గీసి ఉంది. ఎప్పుడు కూలుస్తారో ఎవరూ చెప్పడం లేదు.