గోడ మీద సుద్ద గీత

నా చిన్నప్పుడు మా వాడకట్టు మొత్తానికి మోటార్ సైకిలు ఉన్నది ఒక్క మా ఇంట్లోనే. వరంగల్‌లో జంపఖానాలు నేసే ఇళ్ళ మధ్య మా ఇల్లు. మా బాపు, మా పెద్దబాపు అన్నదమ్ములిద్దరూ ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని నేసేవాళ్ళు. వెడల్పాటి జంపఖానాకు ఒక మనిషి చేయి అందదు. ఈ కొస నుంచి ఒకరు పోగు పంపితే ఇంకొకరు అందుకుని ఆ కొసకు చేర్చాలి. ఒకరి కాలు కదిలితే రెండోవారి కాలూ కదలాలి. అట్లా ఏళ్ళ తరబడి కూర్చున్నందుకేమో, వాళ్ళిద్దరి మధ్య మాటలకు పెద్దగా పని ఉండేది కాదు. ఆ మాటల్లేని అలవాటే తరువాత మా కొంప ముంచిందని నాకిప్పటికీ అనిపిస్తుంది.

బండి కొన్నది మూటలు మోయడానికేనని బాపు అందరికీ చెప్పేవాడు. పరకాల అంగడికి ముందురోజు పొద్దుగూకే వేళ జంపఖానాల మూట వెనక కట్టుకుని బయల్దేరేవాడు. అక్కడ తెలిసినవాళ్ళ అరుగు మీద పడుకుని, తెల్లారి సరుకు అమ్ముకుని వచ్చేవాడు. ఇదంతా నిజమే, కానీ సరదా కూడా నిజమే. తుడిచిన బండినే మళ్ళీ తుడిచేవాడు. మా అమ్మ మొహం కంటే ఆ బండి లైటునే ఎక్కువసార్లు చూసి ఉంటాడు.

తన లైటు కనబడితే చాలు, ఎదురొచ్చే సైకిళ్ళవాళ్ళు రోడ్డు దిగి పక్కకు నిలబడతారని గొప్పలు పోయేవాడు. "మనం వస్తానమంటే చాలు, తొవ్వ ఇడుస్తాండ్లు" అనేవాడు మీసం దువ్వుకుంటూ. పిల్లలం కదా, మేమూ మురిసిపోయేవాళ్ళం. వాళ్ళు దిగుతున్నది మర్యాద కోసం కాదనీ, కళ్ళు కనబడక దిగుతున్నారనీ మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

ఒక అంగడి ముందురోజు పెద్దబాపు పరకాల తొవ్వలోని ఒక ఊరికి చుట్టాలింటికి పోయి, సాయంత్రం సైకిల్ మీద తిరిగి వస్తున్నాడు. మసక చీకటి పడింది. ఎదురుగా వచ్చిన లైటు సూటిగా కళ్ళలో కొట్టింది. రోడ్డేదో అంచేదో తెలియక, కల్వర్టు పక్కనుంచి సైకిల్‌తో సహా కింది రాళ్ళలో పడ్డాడు. వెనకాల వస్తున్న ఎడ్లబండివాళ్ళు లేపి దవాఖానకు చేర్చారు. కుడికాలు మోకాలి కింద విరిగింది.

మరునాడు బాపు పరకాల నుంచి నేరుగా దవాఖానకు వచ్చాడు. అన్న కాలి కట్టు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ తరువాత ఆ లైటు బండివాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు. "కండ్లు నెత్తికెక్కినాయిరా వానికి? మనిషి కనబడలేదా?" అని వార్డంతా వినబడేలా అరిచాడు. పెద్దబాపు గోడవైపు మొహం తిప్పుకున్నాడు. ఆ బండి ఎవరిదో ఆయనకు తెలుసు. రోజూ మా వాకిట్లో వినే ఇంజను చప్పుడు ఆయన గుర్తుపట్టలేడా? రాళ్ళలో పడి "తమ్మీ, తమ్మీ" అని పిలిచాడట కూడా. బండి ఆగలేదు. ఈ సంగతి నాకు చాలాకాలం తరువాత ఆయనే చెప్పాడు. ఆ రోజు మాత్రం, "ఏదో బండి" అని ఊరుకున్నాడు.

మరి బాపుకు అనుమానం రాలేదా? అదే తొవ్వ, అదే సాయంత్రం. వచ్చే ఉంటుంది. వచ్చిన అనుమానాన్ని ఆ అరుపులతోనే తొక్కిపెట్టాడని నేననుకుంటాను.

కాలు అతుక్కుంది కానీ వంకరగా అతుక్కుంది. మగ్గం తొక్కడానికి పనికిరాలేదు. పెద్దబాపు స్థానంలో మా అమ్మ కూర్చుంది. ఆయన అరుగు మీద రాట్నం ముందు కూర్చుని, నాలాంటి పిల్లలు చుట్టే నూలు కండెలు చుట్టడం మొదలుపెట్టాడు. లోపల మగ్గం చప్పుడు ఆగితే చాలు, ఆయన చేయి కూడా ఆగేది. పోగు తెగిందేమోనని అక్కడినుంచే మెడ చాచి చూసేవాడు. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఇట్లా కొన్ని నెలలు గడిచాయి. ఒక సాయంత్రం బాపు అంగడికి బయల్దేరబోతుంటే పెద్దబాపు కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. బండ్లు బాగుచేసే ఒక మామను ముందే పిలిపించి పెట్టాడు. మూట ఇంకా కట్టలేదు. బండిని ఎదుటి గోడకు కొంత దూరంలో నిలబెట్టమన్నాడు. లైటు ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అంతే ఎత్తులో నాచేత సుద్దతో గీత గీయించాడు. లైటు వేస్తే వెలుగు గీతకు కిందనే పడింది. "సరిగ్గనే ఉన్నది కదనే, ఇప్పుడిదంత ఎందుకు?" అన్నాడు బాపు విసుగ్గా.

"మూట కట్టు" అన్నాడు పెద్దబాపు.

మూట కట్టారు. మామ ఎక్కి కూర్చున్నాడు. బండి వెనక భాగం బరువుకు కుంగింది, ముందు భాగం లేచింది. వెలుగు గీత దాటి పైకి పాకి, చూరు ఎక్కి, పెంకుల మీద పడింది. మామ నాలుక కరుచుకున్నాడు. ఖాళీ బండి మీద లైటు సరిచేసి పంపింది ఆయనే. మూటతో ఒక్కసారి కూడా చూడలేదు. బాపూ చూడలేదు.

పెద్దబాపు గొంతు పెంచలేదు. "తమ్మీ, నువ్వు జర ఆ గోడ కాడికి పోయి నిలబడు" అన్నాడు. బాపు పోయి నిలబడ్డాడు. లైటు ఆయన మొహాన కొట్టింది. చేయి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏం కనబడ్తాంది?"

"ఏం కనబడ్తలేదన్నా."

"ఆ దినం నాకు గూడ గిట్లనే, ఏం కనబడలే. నీ బండి చప్పుడు మాత్రం ఇనబడ్డది."

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరం బాపు వైపే చూస్తున్నాం. పెద్దబాపు కూడా కర్ర మీద రెండు చేతులూ ఆనించి అటే చూస్తున్నాడు. నష్టపరిహారం కాదు, పంచాయితీ కాదు, ఆయనకు కావలసింది ఒక్క మాట. తప్పైందన్నా అంటే అయిపోయేది. ఆ మాట అనడానికి బాపుకు కావలసినంత సేపు ఇచ్చాడు కూడా.

బాపు వెలుగులోనుంచి పక్కకు జరిగాడు. మామ లైటు బోల్టులు వదులు చేసి, వెలుగు గీత కిందికి వచ్చేదాకా వంచి మళ్ళీ బిగించాడు. బాపు మూట తాడు ఒకసారి లాగి చూసుకుని, "అంగడికి ఆలస్యమైతాంది" అని కిక్కు కొట్టి వెళ్ళిపోయాడు.

ఆ తరువాత పెద్దబాపు ఆ ఊసు ఎత్తలేదు. బాపు మందులు తెచ్చేవాడు, మంచి కర్ర చేయించి తెచ్చాడు, పండక్కి అందరికంటే ముందు అన్నకే బట్టలు పెట్టేవాడు. అన్నీ చేశాడు, ఆ ఒక్కటి తప్ప. ఒకరోజు కండెలు చుడుతూ పెద్దబాపు నాతో, "కాలు పోయిందని కాదు బిడ్డా. వాడు ఒక్క మాట అంటే నా కడుపుల మంట సల్లారుతది" అన్నాడు. పెళ్ళయి అత్తగారింటికి పోయేదాకా ఆ మాట కోసం నేను కూడా ఎదురుచూశాను. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతుంటే, ఇవాళైనా అంటాడేమోనని చెవులు రిక్కించేదాన్ని.

అన్నాడు చివరికి. పెద్దబాపును వాకిట్లో పడుకోబెట్టిన రోజు, ఆ వంకర కాలు పట్టుకుని, "తప్పైందన్నా, తప్పైందన్నా" అని గుండెలు బాదుకున్నాడు. వచ్చినవాళ్ళంతా అన్న మీద ఎంత ప్రేమ అని కళ్ళు తుడుచుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. చెవులు వినబడే మనిషిని అన్నేళ్ళు పక్కన పెట్టుకుని, వినబడని రోజున చెప్పాడు. బాపు కూడా పోయి చాలాకాలమైంది. కన్నతండ్రి మీద ఇంకా కోపమేమిటని నన్ను నేనే తిట్టుకుంటాను, కానీ అది పోవడం లేదు.

ఇప్పుడు మా మనవడు బండి మీద నన్ను ధర్మసాగర్‌లో ఉన్న మా బిడ్డ ఇంటికి తీసుకుపోతుంటాడు. నేను ఎక్కి కూర్చున్నాక గోడ మీద లైటు చూసుకోందే వాణ్ణి కదలనివ్వను. "నువ్వేమన్న జంపఖానాల మూటవా నానమ్మా?" అని నవ్వుతాడు. నవ్వనీ. లైటు సంగతి వాడికి నేర్పగలిగాను. రెండోది నేర్పడం కష్టం, అందుకే నేను చేసి చూపిస్తుంటాను. నాది దురుసు నోరు, ఇంట్లో ఎవరినో ఒకరిని రోజూ నొప్పిస్తూనే ఉంటాను. మొన్న కోడలిని ఉత్తపుణ్యానికి కసిరాను. చేతిలో అన్నం ముద్ద అట్లాగే పట్టుకుని వంటింట్లోకి పోయి, తప్పైంది బిడ్డా అన్నాను. తిన్నాక చెప్పొచ్చు కదత్తమ్మా అంది. అంతసేపు ఆగడం నాకు చేతకాదు.