బావ బిగించిన పంపు

పంపుల పిన్నికి ఒక జబ్బుందని వాళ్ల అక్క అంటూ ఉంటుంది. బాగుచేసిన పంపును పిన్ని ఊరికే అప్పగించదు. చెడిన ముక్కలన్నీ ఒక రేకు పళ్లెంలో పేర్చి, పంపు గలవాళ్ల ముందు నిలబడి, ఇది ఎందుకు చెడింది, ఎవరి చేతిలో చెడింది అన్నది కుండబద్దలు కొట్టినట్టు చెబుతుంది. అది విన్నాకే పంపు వాళ్లదవుతుంది. వినే ఓపిక లేనివాళ్లు వేరే షెడ్డు చూసుకోవచ్చు. అలా చూసుకున్నవాళ్లూ ఉన్నారు, నాలుగు రోజులు తిరిగి మళ్లీ ఇక్కడికే వచ్చినవాళ్లూ ఉన్నారు.

ఆ పద్ధతి పిన్నిది కాదు, వాళ్లమ్మది. షెడ్డూ వాళ్లమ్మదే. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నది ఇద్దరు: చిన్న కూతురైన పిన్ని, పక్క బెంచీ మీద ఒక యువకుడు. పెద్ద కూతురికి గ్రీజు వాసనంటే ఆమడ దూరం. అయినా ఆ గ్రీజు చేతుల యువకుణ్ణే చేసుకుంది, ఏం చూసి చేసుకుందో ఆవిడకే తెలియాలి. అలా పక్క బెంచీ అతను పిన్నికి బావ అయ్యాడు. తర్వాత అతను చాక్లెట్ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరాడు. అమ్మ పోయాక షెడ్డు పిన్ని చేతికొచ్చింది.

బావామరదళ్లు ఎదురుపడితే చాలు, వేళాకోళం మొదలు.

"నీకు పానా పట్టడం నేర్పింది నేనే మరదలా, మర్చిపోకు" అంటాడాయన.

"పట్టడం నువ్వే నేర్పావు బావా, వదలడం మా అమ్మ నేర్పింది" అంటుంది పిన్ని.

ఆ మాటలో ఎత్తిపొడుపు ఊరికే లేదు. బావకు బిగింపు పిచ్చి. ఆయన కట్టిన కుళాయి మళ్లీ ఆయనే తిప్పాలి. ఆయన మూసిన డబ్బా మూత ఇంట్లో ఇంకెవరికీ రాదు. పంచదార కావాలంటే అక్క ఆయన డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆగాల్సిందే. మంచి పని అంటే గట్టి పని అని ఆయన నమ్మకం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకం.

ఒకరోజు పొద్దున్నే ఫ్యాక్టరీ వ్యాను షెడ్డు ముందు ఆగింది. వెనక పంపు, ముందు బావ. పంపు మూతిలో చాక్లెట్ గడ్డకట్టి ఉంది. బావ మొహమూ అలాగే ఉంది.

"పట్టేసింది మరదలా. పాతదైపోయింది కదా. ఫ్యాక్టరీ మేడమ్‌తో అదే చెప్పాను."

పిన్ని వేడినీళ్ల తొట్టిలో పంపును నానబెట్టి, చాక్లెట్ కరిగాక బోల్టులు తీసి ముందు కవరు విప్పింది. ఈ పంపు కడుపులో పెద్ద పని ఏమీ ఉండదు. లోపలివైపు పళ్లున్న పెద్ద గేరు ఒకటి, దాని లోపల ఒక పక్కగా తిరిగే చిన్న గేరు ఒకటి, రెంటి మధ్య నెలవంక లాంటి ఇనుప ముక్క. చిన్న గేరు, నడుమ బుష్షు అనే చిన్న గొట్టం తొడుక్కుని, కవరుకున్న పిన్ను మీద కూర్చుంటుంది. పళ్లు విడిపోయే చోట సరుకు లోపలికి వస్తుంది, కలుసుకునే చోట బయటికి పోతుంది. అంతే. కానీ గేర్ల ముఖానికీ కవరుకీ మధ్య వెంట్రుకవాసి సందు ఉండాలి. కవరు కింద పరిచే పల్చటి పొరలు, అంటే గ్యాస్కెట్లు, ఎన్ని ఉంటే అంత సందు. సందు ఎక్కువైతే సరుకు వెనక్కి జారుతుంది. తక్కువైతే, వేడి చాక్లెట్‌కి ఇనుము సాగి కవరును రాసుకుంటుంది.

ఇక్కడ కవరు నిండా కొత్తగా గీసుకుపోయిన చారలే. చిన్న గేరు బుష్షు పగిలి ముక్కలైంది. గేరు పళ్లు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. పాతదట, పాతది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది బావ వ్యవహారం.

"కవరు కింద ఎన్ని గ్యాస్కెట్లు వేశావు?"

"ఒక్కటే. రెండేస్తే లూజుగా ఉంది."

"తిరిగేది చాక్లెట్‌తో బావా, చల్లనీళ్లతో కాదు."

"తెలుసు, తెలుసు." బావ స్టూలు మీద కూలబడ్డాడు. "మేడమ్ ఇదివరకే ఒకసారి హెచ్చరించింది. ఈసారీ నా తప్పని తేలితే ఇంటికి పంపేస్తుంది. ఈ వయసులో నన్నెవడు పెట్టుకుంటాడు? మీ అక్క మొహం చూసైనా పాతదని చెప్పు."

బావ చాపిన ఫోనులో అక్క అప్పటికే ఉంది. "ఒక్కసారి నోరు కట్టుకోవే. నీ సొమ్మేం పోతుంది?"

అమ్మ మంచాన పడ్డ రోజుల్లో రాత్రింబగళ్లు పక్కన కూర్చున్నది ఈ బావే. ఆయన కూడు పోతే చూసి సంతోషించేంత కఠినురాలు కాదు పిన్ని. కానీ పాతదని చెబితే వాళ్లు కొత్తది తెస్తారు. దాన్నీ బిగించేది ఈయనే.

"చెప్పేది చెబుతాను. కానీ దీన్ని నేను కట్టను, నువ్వే కట్టు. నువ్వు కట్టింది తిరుగుతుంటే చూపించి మరీ చెబుతాను."

"నీకు జాలి లేదు."

"ఉంది కాబట్టే పానా నీ చేతికిస్తున్నాను."

బావ సణుగుతూనే లేచాడు. ముందు బుష్షు. అది బొగ్గు బుష్షు. ప్రెస్సులో పెట్టి ఒకే ఊపున దించాలి, మధ్యలో ఆపితే చిట్లుతుంది. బావ సగం దించి, "మీ అమ్మ ఉండి ఉంటే నన్నిలా..." అని ఇటు తిరిగాడు. టిక్కున చప్పుడైంది. పిన్ని ఇంకో బుష్షు తీసి అందించింది. ఈసారి బావ నోరు మూసుకుని, ఊపిరి బిగబట్టి, ఒకే ఊపున దించాడు.

కవరును రాతితో సాపు చేశాడు. గ్యాస్కెట్లు ఒక్కొక్కటే వేస్తూ, సందును కొలిచే ఫీలర్ గేజి రేకు ఆడించి చూస్తూ పోయాడు. బోల్టులు ఎదురెదురుగా బిగించి చేత్తో షాఫ్టు తిప్పితే సునాయాసంగా తిరిగింది. ఆ తేలిక చూసి ఆయన ప్రాణం విలవిల్లాడింది. పానా మళ్లీ బోల్టు మీదికి పోయింది.

"బావా."

పానా వెనక్కి వచ్చింది.

మధ్యాహ్నానికి ఇద్దరూ ఫ్యాక్టరీలో ఉన్నారు. పంపుల గదిలో గోడవారగా పంపులు వరసగా మోగుతున్నాయి, గాలి నిండా తియ్యటి వేడి వాసన. బావ పంపును దాని దిమ్మె మీద కూర్చోబెట్టి, పైపులు కలిపి, బాగా వేడెక్కనిచ్చి స్విచ్చి వేశాడు. చప్పుడు మెత్తగా ఉంది. అవతలి తొట్టిలో చాక్లెట్ తెగకుండా పడసాగింది. బావ నుదుటి చెమట తుడుచుకున్నాడు.

మేడమ్ వచ్చి చూసింది. "ఎందుకు పట్టేసింది?"

పిన్ని పళ్లెం ముందుకు చాపింది. "గేర్లకి చెయ్యాల్సిన వయసు ఇంకా చాలా ఉంది మేడమ్. సందు చాలక రాసుకుంది. బిగించింది మా బావ. ఇప్పుడు ఇలా కట్టిందీ ఆయనే, నేను చెయ్యి పెట్టలేదు."

మేడమ్ బావ వైపు తిరిగింది. ఇక అయిపోయిందనుకుంది పిన్ని.

బావ తల వంచుకుని లేడు. గోడవైపు చూస్తున్నాడు.

"మేడమ్, ఆ చివరి రెండూ కూడా నేనే కట్టాను. అవీ ఇలాగే బిగించాను. ఆపేయాలి."

ఈ సంగతి పిన్నికి తెలియదు. ఆయన చెప్పకపోతే ఎప్పటికీ ఎవరికీ తెలియదు.

"రెండూ ఆపితే ఈ పూట పనంతా ఆగిపోతుంది" అంది మేడమ్.

"అవునండి. మనం ఆపకపోతే అవే ఆగుతాయి."

మేడమ్ ఆపరేటరుకు చెయ్యి ఊపింది. రెండు పంపులూ ఒకదాని తర్వాత ఒకటి నిలిచిపోయాయి.

"మిమ్మల్ని ఇంటికి పంపితే ఇలాంటివి నాకెవరు చెబుతారు? వెళ్లి విప్పండి" అంది.

బావ అప్పటికే మొదటి పంపు ముందు గొంతుక్కూర్చున్నాడు. వెనక్కి చూడకుండానే చెయ్యి చాపాడు.

"మరదలా, ఆ లైటు ఇటు పట్టు. లోపల కనపడి చావట్లేదు."

పిన్ని మోచేత్తో కళ్లు తుడుచుకుని, లైటు తీసుకుని పక్కన కూర్చుంది.