టీవీ సౌండు

పాపకు కొన్న రాతిపలకను తడిగుడ్డతో తుడవగానే నాయన చొక్కా వాసన వచ్చింది. నాయన మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. ఆ దుమ్ముకు జబ్బుపడి లోపలి గదిలో ఒకటే దగ్గు. అమ్మేమో సౌండు పెంచి, మేడల్లో పట్టుచీరలతో తిరిగే ఆడోళ్ల సీరియల్ చూసేది.

ఒకరోజు కోపంతో చానల్ మార్చినాను. ఏదో సినిమాలో ఒకాయన మంచంలో దగ్గుతున్నాడు.

"ఇది నిజం కథమ్మా, చూడు."

"నిజం మనింట్లోనే ఉందిగదా, మళ్లీ టీవీలో ఎందుకు? ఆ మేడలో ఎవురికీ దగ్గు రాదు. అదే పెట్టు" అనింది.

అమ్మకు నాయనంటే ఇష్టం లేదనుకున్నా.

నాయన పోయినాక కూడా అమ్మ ఆ సీరియల్ మానలేదు. సౌండు మాత్రం పూర్తిగా తీసేసేది. నేను పెంచబోతే "వద్దు, ఉండనీ" అని లోపలి గది వైపు చెవిపెట్టేది. ఖాళీ గదిలో వినడానికి ఏముందో నాకప్పుడు తెలియలేదు.